జట్టులో చోటు, పంక్తిలో చోటు

2019 అక్టోబరులో విశాఖపట్నంలో ఇండియా, దక్షిణాఫ్రికా టెస్టు జరిగింది. మయాంక్ అగర్వాల్ డబుల్ సెంచరీ కొట్టాడు, రోహిత్ శర్మ రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీలు చేశాడు. చాలామందికి ఆ మ్యాచ్ అలాగే గుర్తుంటుంది. నాకు మాత్రం సెనురన్ ముత్తుసామి గుర్తుండిపోయాడు. డర్బన్‌లో పుట్టి పెరిగిన కుర్రాడు, అదే అతని మొదటి టెస్టు. విరాట్ కోహ్లీని తన బంతికి తానే క్యాచ్ పట్టి పంపించాడు. బ్యాటింగ్‌లో రెండుసార్లూ ఔట్ కాకుండా నిలబడ్డాడు. స్కోరుబోర్డు మీద ఆ పేరు కనబడగానే మనవాళ్ళు అడిగిన మాట ఒకటే: "ఇతను మనవాడేనా?"

అతని పూర్వీకులది తమిళనాడులోని నాగపట్నం. కాబట్టి ఒక లెక్కన అవును. కానీ తలమీద ఉన్నది దక్షిణాఫ్రికా టోపీ. అతను ఎవరివాడో అతనికి తెలుసు, మనమే తేల్చుకోలేకపోయాం. "మనవాడు" అన్న మాటలో ప్రేమ ఉంది, కాదనను. ఆ మాటకు ఇంకో వైపు కూడా ఉంది. ఒకరిని మనవాడు అన్నామంటే ఇంకెవరో పరాయివాడని ముందే అనుకున్నట్టు. ఎవరు మనవాళ్ళు, ఎవరు పరాయివాళ్ళు అన్నది దక్షిణాఫ్రికాలో ప్రభుత్వమే కాగితం మీద రాసి, 40 ఏళ్ళకు పైగా నడిపించింది. అది ముఖ్యంగా నడిచిన చోట్లు రెండు: బడి, ఆటస్థలం. ఆ కాగితాలు చించేసి 30 ఏళ్ళు దాటినా పిల్లలు ఆ గీతల్ని ఇంకా దాటుతూనే ఉన్నారు. అది ఎందుకు అంత కష్టంగా ఉందో అర్థం చేసుకోవాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

పెన్సిల్‌తో తేల్చిన జాతి

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి ఒప్పంద కూలీలతో డర్బన్ రేవు చేరింది. 1911 దాకా అలా చెరకు తోటలకు వెళ్ళినవాళ్ళు దాదాపు 1,52,000 మంది. ఎక్కువమంది మద్రాసులో ఓడెక్కినవాళ్ళే: తమిళులు, విశాఖ, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్ళు. నాయుడు, రెడ్డి ఇంటిపేర్లు డర్బన్‌లో ఇవాళ్టికీ మామూలే. అక్కడి తెలుగువాళ్ళు 1931లోనే ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ప్రభుత్వానికి మాత్రం తెలుగు, తమిళం, గుజరాతీ, భోజ్‌పురి తేడాల్లేవు. అందరూ ఒకటే డబ్బా, "ఇండియన్".

1950లో వచ్చిన జనాభా నమోదు చట్టం ప్రతి మనిషినీ ఇలా ఒక డబ్బాలో వేసింది. తెల్లవారు, నల్లవారు, మిశ్రమ మూలాలున్న "కలర్డ్"వారు, వీళ్ళకు తోడు ఇండియన్లు. ఎవరు ఏ డబ్బాలోకి వస్తారో తేలకపోతే అధికారులు జుట్టులో పెన్సిల్ గుచ్చి చూసేవారు. చట్టంలో ఎక్కడా లేని పరీక్ష ఇది. పెన్సిల్ జారి కింద పడితే ఒక జాతి, జుట్టులో ఇరుక్కుంటే ఇంకో జాతి. 1966లో ఒక 10 ఏళ్ళ పాపను తెల్లవారి హాస్టల్ బడి నుంచి పోలీసులను పెట్టి ఇంటికి పంపేశారు. తల్లిదండ్రులిద్దరూ తెల్లవారుగా నమోదైనవాళ్ళే. పిల్ల చామనఛాయగా, జుట్టు రింగులు రింగులుగా ఉండటమే కారణం. తర్వాత ఆ పాపను కాగితాల్లో కలర్డ్‌గా మార్చారు. అమ్మానాన్నలు ఒక జాతి, కన్నకూతురు ఇంకో జాతి.

బడులను కూడా అలాగే పంచారు. 1953లో నల్లవారికి, 1963లో కలర్డ్‌వారికి, 1965లో ఇండియన్లకు వేరు వేరు విద్యా చట్టాలు వచ్చాయి. మొదటిదాన్ని తెచ్చిన మంత్రి హెండ్రిక్ వెర్వూర్డ్ తన ఉద్దేశాన్ని దాచుకోలేదు. కొన్ని రకాల కూలిపనులకు మించి తెల్లవారి సమాజంలో నల్లవారికి చోటు లేదన్నాడు. వాడుకోలేని లెక్కలు నల్లపిల్లలకు నేర్పి ఏం లాభమని అడిగాడు. ఈ వ్యాసంలో ఒక్క విషయమే గుర్తుపెట్టుకునేలా ఉంటే అది ఇదే కావాలి. వర్ణవివక్ష అంటే మనకు బస్సుల్లో వేరు సీట్లు, బీచ్‌లో బోర్డులు గుర్తొస్తాయి. వాటిని ఒక్కరోజులో పీకేయొచ్చు. ఒక తరం పిల్లలకు లెక్కలు చెప్పకుండా వదిలేస్తే, మైదానం లేకుండా పెంచితే, దాన్ని సరిచేయడానికి ఎన్ని తరాలు పడుతుందో ఎవరూ చెప్పలేరు.

ఆటల్లో చట్టం ఇంకో రకంగా పనిచేసింది. తెల్లవారు, మిగతావారు కలిసి ఆడకూడదని నేరుగా ఒక చట్టం రాయలేదు. ఎవరు ఎక్కడ నివసించాలో, ఏ గేటు నుంచి వెళ్ళాలో, ఏ క్లబ్బులో నీళ్ళు తాగొచ్చో మిగతా చట్టాలు ముందే తేల్చేశాయి కాబట్టి ఆ అవసరమే రాలేదు.

పాప్వా సేవ్‌గోలమ్ కథ చూస్తే ఇది అర్థమవుతుంది. డర్బన్ ఇండియన్, గోల్ఫ్ బ్యాగులు మోసే పనివాడు. చదవడం, రాయడం రాదు. చూసి చూసి సొంతంగా ఆట నేర్చుకున్నాడు, అందరూ పట్టుకునేదానికి తలకిందులుగా చేతులు పెట్టి కర్ర పట్టేవాడు. 1959లో, 1960లో, 1964లో డచ్ ఓపెన్ గెలిచాడు. 1963లో సొంత ఊళ్ళో నటాల్ ఓపెన్ గెలిచాడు. బహుమతి ఇచ్చే వేళకు వాన. తెల్లవాళ్ళు క్లబ్బు లోపల ఉన్నారు, ఇండియన్ లోపలికి రాకూడదు. గెలిచినవాడు బయట వానలో నిలబడి కప్పు అందుకున్నాడు. ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. కొన్నాళ్ళకు అతనికి ఆడే పర్మిట్లు ఇవ్వడమే మానేశారు.

కేప్‌టౌన్‌కు చెందిన కలర్డ్ క్రికెటర్ బేసిల్ డి'ఒలివేరా సొంత దేశంలో టెస్టు ఆడే దారిలేక 1960లో ఇంగ్లండ్ వెళ్ళిపోయాడు, అక్కడి జట్టులో చేరాడు. 1968లో ఓవల్‌లో ఆస్ట్రేలియా మీద 158 కొట్టాడు. దక్షిణాఫ్రికా వెళ్ళే జట్టులో మొదట అతన్ని వదిలేశారు. పెద్ద గొడవయ్యాక, వేరే ఆటగాడికి గాయమైతే తీసుకున్నారు. అతను ఉన్న జట్టును మా దేశంలో అడుగుపెట్టనివ్వనని ప్రధాని వోర్స్టర్ అన్నాడు, పర్యటన రద్దయింది. దక్షిణాఫ్రికా అంతర్జాతీయ క్రికెట్‌కు దూరం కావడానికి అది మొదటి మెట్టు. అప్పటిదాకా ఆ దేశపు తెల్లజట్టు ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లతో తప్ప ఇంకెవరితోనూ టెస్టు ఆడలేదు. మనతో ఒక్కటీ ఆడలేదు.

బడి పిల్లలు రోడ్డెక్కిన రోజు

1976 జూన్ 16. జొహానెస్‌బర్గ్ పక్కన సొవెటోలో వేలమంది పిల్లలు యూనిఫాంలతోనే రోడ్డు మీదికి వచ్చారు. నల్లపిల్లల బడుల్లో లెక్కలు, సాంఘికశాస్త్రం లాంటి సబ్జెక్టులు ఆఫ్రికాన్స్ భాషలోనే చెప్పాలని ప్రభుత్వం ఆర్డరు వేసింది. ఆ భాష పిల్లలకు రాదు, చాలామంది పంతుళ్ళకూ సరిగ్గా రాదు. పైగా తమను పాలిస్తున్నవాళ్ళ భాష. పోలీసులు కాల్పులు జరిపారు. 12 ఏళ్ళ హెక్టర్ పీటర్సన్‌ను చేతుల్లో ఎత్తుకుని పరిగెడుతున్న కుర్రాడి ఫొటోను శామ్ న్జిమా తీశాడు. ఆ తర్వాత నెలల్లో దేశమంతటా వందలమంది చనిపోయారు. ఇప్పుడు జూన్ 16 అక్కడ జాతీయ సెలవుదినం.

ఆటల్లో కూడా అప్పుడే ఒక గట్టి వాదన బలపడింది. 1973లో శాకోస్ అనే క్రీడా సంస్థ పుట్టింది. అది ఎత్తిన నినాదాన్ని క్రికెట్ నాయకుడు హసన్ హోవా పేరుతో చెబుతారు: అసహజమైన సమాజంలో సహజమైన ఆట ఉండదు. వారమంతా వేరు వేరు పేటల్లో, వేరు వేరు బడుల్లో బతికి, ఆదివారం మధ్యాహ్నం ఒక మ్యాచ్ కలిసి ఆడితే అది సమానత్వం అవుతుందా అని ఆయన అడిగాడు. తెల్ల క్లబ్బులు తలుపు కొంచెం తెరిచినా శాకోస్ ఆటగాళ్ళు లోపలికి వెళ్ళలేదు. టెస్టు స్థాయి ప్రతిభ ఉన్నవాళ్ళు గులకరాళ్ళ మైదానాల్లో ఆడి ఆడి, ఎవరికీ పేరు తెలియకుండా వయసు అయిపోయి ఆపేశారు. పట్టుదల ఎక్కువైందని ఇప్పుడు అనడం తేలిక. ఆ ధర చెల్లించింది వాళ్ళు.

ఎవరికి చప్పట్లు కొట్టాలి?

నిషేధం తీరాక దక్షిణాఫ్రికా మొదటి మ్యాచ్ ఆడింది మనతోనే. 1991 నవంబరు 10, ఈడెన్ గార్డెన్స్. ఇండియా కెప్టెన్ మన హైదరాబాదీ అజారుద్దీన్. లక్షమంది దాకా జనం చప్పట్లతో పలికిన ఆ స్వాగతం నిజంగా గొప్పది. అయితే ఆ రోజు మైదానంలో దిగిన దక్షిణాఫ్రికా ఆటగాళ్ళు 11 మందీ తెల్లవాళ్ళే. ఏడాది తర్వాత, 1992 నవంబరులో అజారుద్దీన్ జట్టు డర్బన్‌లో టెస్టు ఆడింది. అక్కడే 40 ఏళ్ళ ఒమర్ హెన్రీ, నిషేధం తీరాక దక్షిణాఫ్రికా తరఫున టెస్టు ఆడిన మొదటి తెల్లేతర ఆటగాడయ్యాడు.

డర్బన్ ఇండియన్లు ఎవరికి చప్పట్లు కొట్టాలి? చాలామంది ఇండియాకే కొట్టారు. దీన్ని దేశభక్తి లేకపోవడంగా చూసేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. 1990లో ఇంగ్లండ్ నాయకుడు నార్మన్ టెబ్బిట్ వలసవచ్చిన ఆసియా కుటుంబాలకు ఇదే పరీక్ష పెట్టాడు: మీరు క్రికెట్‌లో ఏ జట్టు పక్కన ఉన్నారో చెప్పండి, మీరు ఎవరో చెబుతాం అని. పరీక్ష పెట్టేవాళ్ళు ఒక విషయం మర్చిపోతారు. స్టేడియంలో తమకు కేటాయించిన మూలలో కూర్చోబెట్టిన రోజుల్లో నల్లవాళ్ళు, కలర్డ్‌వాళ్ళు, ఇండియన్లు సొంత దేశపు తెల్లజట్టు ఓడిపోవాలనే కోరుకున్నారు. రాబెన్ దీవి జైల్లో ఉన్న మండేలా, ఆయన తోటివారు కూడా అంతే. నన్ను రానివ్వని జట్టు నా జట్టు ఎలా అవుతుంది? ఇండియా మీద ప్రేమ ఎంత ఉందో, ఆ జట్టు మీద గాయం కూడా అంతే ఉంది.

అందుకే 1995 జూన్ 24న మండేలా దక్షిణాఫ్రికా జాతీయ రగ్బీ జట్టు స్ప్రింగ్‌బాక్స్ 6వ నంబరు జెర్సీ వేసుకుని ఎల్లిస్ పార్క్‌లోకి రావడం అంత పెద్ద విషయమైంది. ఆయనకు అది ఇష్టమైన జట్టని కాదు, తన జనం దశాబ్దాలుగా అసహ్యించుకున్న జెర్సీ అని. ప్రపంచకప్ ఫైనల్లో న్యూజిలాండ్‌పై 15-12తో గెలిచారు. దేశమంతా ఏడ్చింది. ఆ జట్టులో తెల్లవాడు కానివాడు ఒక్కడే, చెస్టర్ విలియమ్స్.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. రగ్బీ తెల్లవాళ్ళ ఆట, ఫుట్‌బాల్ నల్లవాళ్ళ ఆట అని అందరూ అంటుంటారు. ఈస్టర్న్ కేప్ ప్రాంతంలో నల్లవాళ్ళు 19వ శతాబ్దం చివరి నుంచే రగ్బీ, క్రికెట్ ఆడుతున్నారు. మిషనరీ బడుల్లో నేర్చుకున్నారు, ఊరూరా క్లబ్బులు పెట్టుకున్నారు. ఆట వాళ్ళకు కొత్త కాదు. మైదానం, కోచ్, తిండి, సెలక్టర్ల చూపు, ఇవి లేవు.

తలుపు బడిలో ఉంది

1996లో కొత్త పాఠశాలల చట్టం వచ్చింది. జాతిని బట్టి బడి అన్నది పోయింది. అదే చట్టం ప్రతి బడికీ తల్లిదండ్రుల పాలకమండలి పెట్టి, ఫీజు ఎంత, అడ్మిషన్ ఎవరికి, బోధన ఏ భాషలో అన్నది వాళ్ళ చేతికిచ్చింది. ప్రజాస్వామ్యంగా వినబడుతుంది, ఉద్దేశమూ అదే. కానీ పాత తెల్ల బడుల చుట్టూ ఉన్నవి పాత తెల్ల పేటలే. దగ్గర్లో ఉన్న పిల్లలకు మొదటి అవకాశం అంటే ఎవరికి వస్తుంది? ఫీజు కట్టలేనివాళ్ళకు మినహాయింపు చట్టంలో ఉంది. ఆ బడి గేటు దాకా వచ్చి అడగగలిగితే కదా!

ఆ దేశంలో ఇప్పుడు ఎక్కువ బడులు ఫీజు లేని ప్రభుత్వ బడులే. 2014లో లింపోపో రాష్ట్రంలో 5 ఏళ్ళ పిల్లవాడు బడి మరుగుదొడ్డి గుంటలో పడి చనిపోయాడు. మరుగుదొడ్డి లేని బడికి టర్ఫ్ వికెట్ ఎక్కడి నుంచి వస్తుంది? ఇంకోవైపు పచ్చని మైదానాలు, బౌలింగ్ మెషీన్లు, జీతమిచ్చి పెట్టుకున్న కోచ్‌లు ఉన్న బడులు కొన్నే ఉన్నాయి. జాతీయ జట్ల ఆటగాళ్ళు వరసగా వచ్చేది వాటి నుంచే.

రగ్బీ ఆటగాడు సియా కొలిసీ కథ ఇక్కడ చెప్పుకోవాలి. పుట్టింది 1991 జూన్ 16న, సొవెటో పిల్లలు రోడ్డెక్కిన తేదీనే. ఆ మర్నాడే జనాభా నమోదు చట్టం రద్దయింది. పోర్ట్ ఎలిజబెత్ పక్కన జ్విడే పేటలో నాయనమ్మ పెంచింది, ఇంట్లో తిండి లేని రోజులున్నాయి. ఆఫ్రికన్ బాంబర్స్ అనే ఊరి క్లబ్బులో ఆడేవాడు. ఒక సెలక్షన్‌కు నిక్కరు లేక లోదుస్తులతోనే ఆడాడు. 12 ఏళ్ళప్పుడు ఒక పెద్ద ఇంగ్లిష్ బడి స్కాలర్‌షిప్ ఇచ్చింది. ఇంగ్లిష్ రాదు. రోజూ కడుపునిండా అన్నం దొరికింది. ఆ బడి దొరక్కపోతే తను సరిగ్గా తినేవాడినే కాదని, ఒళ్ళు అలా ఎదిగేది కాదని తర్వాత అతనే చెప్పాడు. 2018లో స్ప్రింగ్‌బాక్స్ టెస్టు జట్టుకు మొదటి నల్లజాతి కెప్టెన్ అయ్యాడు, 2019లోనూ 2023లోనూ ప్రపంచకప్ ఎత్తాడు.

ఈ కథను ప్రపంచమంతా స్ఫూర్తి కథగా చెప్పుకుంటుంది. నాకు అందులో దుఃఖం ఎక్కువ కనబడుతుంది. ఆ రోజు ఆ బడివాళ్ళు అటు చూడకపోతే? జ్విడేలో ఆ పక్కనే ఆడిన మిగతా పిల్లల సంగతేమిటి?

టెంబా బవూమా కేప్‌టౌన్ లాంగా పేటలో రోడ్డు మీద క్రికెట్ నేర్చుకున్నాడు. ఆ ఒక్క వీధి నుంచే థామీ త్సోలెకిలే, మలుసి సిబోటో కూడా వచ్చారు, కాబట్టి ప్రతిభకు కరువు లేదు. బవూమా జాతీయ జట్టు దాకా రావడానికి ఆ వీధి చాలలేదు, పేరున్న బడి స్కాలర్‌షిప్ కావలసి వచ్చింది. లుంగీ ఎన్‌గిడీ తల్లి ఇళ్ళల్లో పనిచేసేది, అతనూ స్కాలర్‌షిప్ మీద ఖరీదైన బోర్డింగ్ బడికి వెళ్ళాడు. కగిసో రబాడా నాన్న డాక్టర్, అమ్మ లాయర్, అతను నేరుగా ప్రైవేటు బడిలో చదివాడు. మూడు రకాల ఇళ్ళు, దారి మాత్రం ఒకటే. ఇప్పుడు ఆ తలుపు దగ్గర అడుగుతున్నది ఒంటి రంగు కాదు, ఫీజు రసీదు. ఆ రసీదు ఎవరి చేతిలో ఉంటుందన్నది మాత్రం పాత రంగుల లెక్కే చాలావరకు తేలుస్తోంది.

కోటా అనే మచ్చ

బడుల్లో తలుపులు ఇంత ఇరుకుగా ఉన్నప్పుడు పైన జాతీయ జట్టులో లెక్కలు సరిచేయాలని చూస్తే ఏమవుతుంది? దక్షిణాఫ్రికా క్రికెట్ బోర్డు 2016లో ఒక లక్ష్యం పెట్టింది. సీజన్ మొత్తం మీద సగటున జట్టులో 6 గురు తెల్లేతరులు ఉండాలి, వాళ్ళలో కనీసం ఇద్దరు నల్లజాతివారై ఉండాలి. దీన్ని తప్పనే వాళ్ళున్నారు. నాకు తప్పనిపించదు. వదిలేస్తే సెలక్టర్లు తమ కళ్ళకు అలవాటైన బడుల పిల్లలనే చూస్తారు. కానీ దీని బరువు మోసేది ఆటగాడు. వెర్నాన్ ఫిలాండర్ మొదటి 7 టెస్టుల్లోనే 50 వికెట్లు తీశాడు. అలాంటివాడు, ఆ లక్ష్యం పెట్టకముందే, 2015 ప్రపంచకప్ సెమీఫైనల్లో కైల్ అబాట్ బదులు ఆడితే, అది లెక్క కోసమేనన్న మాట అతన్ని ఏళ్ళ తరబడి వెంటాడింది. తెల్ల ఆటగాడు డకౌట్ అయితే ఫామ్ పోయిందంటారు. నల్ల ఆటగాడు డకౌట్ అయితే కోటా అంటారు.

మఖాయా ఎన్‌తినీ సంగతి ఇంకా లోతుగా తగులుతుంది. మ్డింగీ అనే పల్లెలో పశువులు కాసిన పిల్లవాడు. పేరున్న బడిలో చదివి, 1998లో దక్షిణాఫ్రికా తరఫున టెస్టు ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడయ్యాడు. 101 టెస్టులు, 390 వికెట్లు. ఎప్పుడూ నవ్వుతూ కనబడేవాడు. టీమ్ బస్సు ఎక్కకుండా హోటల్ నుంచి గ్రౌండ్‌కు పరిగెత్తుకుంటూ వెళ్ళేవాడు, ఫిట్‌నెస్ పిచ్చి అనుకునేవారు. 2020లో ఒక టీవీ ఇంటర్వ్యూలో అసలు కారణం చెప్పాడు. బస్సులో తను వెనక కూర్చుంటే మిగతావాళ్ళు ముందుకు వెళ్ళి కూర్చునేవారట. రాత్రి భోజనానికి వెళ్దాం రమ్మని ఎవరూ తన గది తలుపు కొట్టేవారు కాదట. అందుకని బ్యాగు డ్రైవర్‌కు ఇచ్చేసి పరిగెత్తేవాడు.

ఇది చదివినప్పుడు మన దగ్గర పంక్తి గుర్తురాని తెలుగువాడు ఉంటాడా? బడిలో పేరు రాయించుకోవడం ఒక యుద్ధం, మధ్యాహ్నం అన్నం దగ్గర ఎవరి పక్కన కూర్చోబెడతారన్నది ఇంకో యుద్ధం. నేను చదివిన హాస్టల్లో కూడా కొందరి పళ్ళాలు ఒక మూల విడిగా ఉండేవి. ఎవరూ రూలు రాయలేదు. అందరికీ తెలుసు. నేను కూడా ఏమీ అనలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది. జట్టులో చోటు ఆర్డరు వేసి ఇప్పించవచ్చు. పంక్తిలో చోటు ఏ ఆర్డరుతో వస్తుంది?

2021లో దక్షిణాఫ్రికా క్రికెట్‌లో వివక్ష మీద లాయర్ డుమిసా ఎన్‌ట్సెబెజా ఆధ్వర్యంలో విచారణ జరిగింది. జట్టు సమావేశాల్లో తన ఒంటిరంగును కించపరిచే మారుపేరుతో పాట పాడేవారని మాజీ స్పిన్నర్ పాల్ ఆడమ్స్ అక్కడ చెప్పాడు. పాడినవాళ్ళలో ఒకడైన మార్క్ బౌచర్ తర్వాత క్షమాపణ అడిగాడు. ఇలాంటివాటిని సరదా అని కొట్టిపారేస్తుంటారు. సరదా ఎవరికి అన్నదే ప్రశ్న.

ఎలా ఉంటే ఒప్పుకుంటారు?

హషీమ్ ఆమ్లా గుజరాతీ ముస్లిం కుటుంబం, డర్బన్. పొడవాటి గడ్డం. జట్టు స్పాన్సర్ బీరు కంపెనీ లోగో వేసుకోనన్నాడు, బోర్డు ఒప్పుకుంది. 2006లో కొలంబో టెస్టులో అతను క్యాచ్ పడితే, మైక్ ఆఫ్ అయిందనుకుని వ్యాఖ్యాత డీన్ జోన్స్ అతన్ని టెర్రరిస్టు అన్నాడు. ఆ ఉద్యోగం పోయింది, క్షమాపణ చెప్పాడు. ఆమ్లా రచ్చ చేయలేదు. 2012లో ఓవల్‌లో 311 నాటౌట్, దక్షిణాఫ్రికా తరఫున మొదటి ట్రిపుల్ సెంచరీ. డి'ఒలివేరా 158 కొట్టింది ఆ మైదానంలోనే.

అందరూ ఆమ్లాలా ట్రిపుల్ సెంచరీ కొట్టి నోళ్ళు మూయించలేరు. 13 ఏళ్ళ పిల్ల ఏం చేస్తుంది? 2016 ఆగస్టులో ప్రిటోరియాలోని ఒక పేరున్న బాలికల బడిలో నల్లపిల్లలు ధర్నాకు దిగారు. తమ సహజమైన జుట్టును అలాగే ఉంచుకుంటే టీచర్లు నీటుగా లేదంటున్నారని, సొంత భాషలో మాట్లాడుకుంటే తిడుతున్నారని. పెన్సిల్ పరీక్ష పోయింది, జుట్టు మీద చూపు పోలేదు. ఆ బడి ఆ పిల్లలకు సీటు ఇచ్చింది, కానీ వేరే పిల్లల్లా కనబడితేనే అన్న షరతుతో. ఆ పిల్లలు గట్టిగా నిలబడ్డాక జుట్టు రూల్ ఆపేశారు.

భాష సంగతి ఇంకా చిక్కు. 2024 సెప్టెంబరులో అధ్యక్షుడు రామఫోసా సంతకం పెట్టిన కొత్త విద్యా చట్టం, అడ్మిషన్లు, బోధనాభాష మీద పాలకమండళ్ళ అధికారాన్ని తగ్గించి ప్రభుత్వానికి ఇచ్చింది. ఆఫ్రికాన్స్ మీడియం పేరుతో కొన్ని బడులు నల్లపిల్లలను బయట ఉంచుతున్నాయని ప్రభుత్వం అంటుంది. మా పిల్లలకు అమ్మభాషలో చదువుకునే హక్కు లేదా అని ఆఫ్రికాన్స్ తల్లిదండ్రులు అడుగుతారు. రెండో మాటను కొట్టిపారేయలేం. ఆఫ్రికాన్స్ మాట్లాడేవారిలో సగానికి పైగా అసలు తెల్లవారు కారు, ఎక్కువమంది పేద కలర్డ్ కుటుంబాలవాళ్ళు. ఒకప్పుడు పిల్లల మీద కాల్పులకు కారణమైన భాషే ఇంకో పిల్లవాడికి అమ్మ జోలపాట. నాకైతే భాషను కాపాడుకోవడం న్యాయమే, దాన్ని గేటుకు తాళంగా వాడటమే అన్యాయం అనిపిస్తుంది. ఏది ఏదో ఒక్కో బడిలో, ఒక్కో కేసులో తేల్చుకోవాల్సిందే. మనకు తెలుగు మీడియం, ఇంగ్లిష్ మీడియం గొడవ ఉంది కాబట్టి ఆ టెన్షన్ మనకు బాగానే అర్థమవుతుంది.

ఒక విషయం చెప్పాలి. 1996 దక్షిణాఫ్రికా రాజ్యాంగం 6వ సెక్షన్‌లో ప్రోత్సహించి గౌరవించాల్సిన భాషల్లో తెలుగు పేరు ఉంది. తమిళం, హిందీ, గుజరాతీ, ఉర్దూల పక్కన. చెరకు తోటకు వెళ్ళిన కూలీ మనవరాలి భాషను ఆ దేశం తన మూలపత్రంలో రాసుకుంది. అక్కడి ఇళ్ళలో తెలుగు ఇప్పుడు ఎక్కువగా పాటల్లో, పూజల్లో మిగిలింది. అయినా ఆ ఒక్క పదం చదివినప్పుడు కళ్ళు తడిశాయి.

మార్పు అసలు లేదనను. 2025 జూన్‌లో లార్డ్స్‌లో బవూమా కెప్టెన్సీలో దక్షిణాఫ్రికా ఆస్ట్రేలియాను ఓడించి టెస్టు ప్రపంచ ఛాంపియన్ అయింది. తొడ కండరం పట్టేసినా కుంటుతూ 66 పరుగులు చేశాడు, అవతల మార్‌క్రమ్ 136. గెలిచాక కేశవ్ మహరాజ్ మాట్లాడలేక ఏడ్చాడు. ఈ మహరాజ్ డర్బన్ ఇండియన్. అతను బ్యాటింగ్‌కు వస్తుంటే సొంత దేశపు స్టేడియంలో రాముడి భజన మోగుతుంది. తన దేవుడిని ఇంట్లో వదిలిరావక్కర్లేకుండా దక్షిణాఫ్రికా వాడు కాగలిగాడు. ఆ ఏడాది నవంబరులో గువాహటిలో ముత్తుసామి మన మీద సెంచరీ కొట్టాడు. ఈసారి "మనవాడేనా" అని అడిగినవాళ్ళు కొంచెం తక్కువే.

అదే 2020 ఇంటర్వ్యూలో ఎన్‌తినీ ఇంకో మాట కూడా అన్నాడు. తన కొడుకు థాండో అండర్-19 స్థాయిలో ఆడుతున్నప్పుడు ఇలాంటిదే ఎదుర్కొన్నాడట, ఒక దశలో క్యాంపుకు వెళ్ళకుండా అతన్ని దాదాపు ఆపేశారట. థాండో పశువులు కాయలేదు. ఇంగ్లిష్ రాని పిల్లవాడు కాదు. మంచి బడి, మంచి కోచ్, 390 వికెట్లు తీసిన తండ్రి, అన్నీ ఉన్నాయి.